మధ్యవర్తి కుర్చీ

"అంకుల్‌జీ, ఆ కుర్చీ ఖాళీ చేయండి. మధ్యవర్తి సాబ్‌ది."

సదాశివరావు హిందీలోని తెలుగు యాస వినగానే ఆ పెద్దాయన తెలుగులోకి దిగిపోయాడు.

"అలాగే బాబూ!" అంటూ లేచి, టీ కప్పుతో వెనక వరసలోకి వెళ్ళాడు.

ఎవరింటికో వచ్చిన చుట్టం అనుకున్నాడు సదాశివరావు.

అది 2007. నోయిడాలో వాళ్ళ సెక్టారుకి సిటీబస్సు మంజూరైంది. బస్సు అందరికీ కావాలి. స్టాపు మాత్రం ఎవరి గేటు ముందూ వద్దు. బస్సు ఆఫీసు పంపే మధ్యవర్తి ముందు ఇవాళ రాజీ కుదరకపోతే బస్సు పక్క సెక్టారుకి పోతుంది.

"బస్సు రాకపోతే రేపట్నించి వంట మీరే చేసుకోండి," అని పొద్దున్నే చెప్పేసింది భార్య లీలావతి. షేర్ ఆటోలో వేలాడుతూ ఆస్పత్రి డ్యూటీకి వెళ్ళే మనిషి మరి.

సంఘం సెక్రటరీ సదాశివరావుకి గ్యాసు వెలిగించడం కూడా రాదు. పాపం, నిజంగానే హడలిపోయాడు. అందుకే మధ్యవర్తి కోసం శాలువా తెచ్చాడు, బంతిపూల దండ తెచ్చాడు. రావలసినవాడే రాలేదు.

వెనక వరసలో ఎ బ్లాక్ గుప్తాజీ, బి బ్లాక్ చడ్డా ఆంటీ అప్పుడే తగువు మొదలుపెట్టారు. మధ్యలో ఆ పెద్దాయన.

"భాయీసాబ్, ఈవిడ బాధేమిటో మీరు చెప్పండి. దీదీ, ఈయన బాధ మీరు చెప్పండి," అన్నాడు.

"వీళ్ళ అత్తగారికి హారన్ మోత పడదు," గొణిగాడు గుప్తాజీ.

"గేటు ముందు బస్సు ఆగితే ఈయన కారు బయటికి తీయలేడు. డ్రైవింగు అంతంతమాత్రం," అంది ఆంటీ.

ఇద్దరికీ నవ్వొచ్చింది.

"మరి ఎవరి గేటూ లేని చోటేదీ?"

"పాలబూత్!" అన్నారిద్దరూ.

హాలంతా "ఠీక్ హై!" అని చేతులెత్తింది. పెద్దాయన అందరికీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

సదాశివరావు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇదేం పనండీ? సాబ్ వచ్చేసరికి తగువే లేకపోతే ఆయనకెంత అవమానం! కాసేపు పోట్లాడుకోండి, ప్లీజ్."

సరేనని మర్యాదగానే మొదలుపెట్టారు.

"అయినా మీ అత్తగారికి చెముడు కదా, హారన్ ఎలా వినపడుతుంది?" అన్నాడు గుప్తాజీ.

అంతే. నిజంగానే రాజుకుంది. పాలబూత్ వద్దన్నారు, బస్సే వద్దన్నారు, కుర్చీలు గాల్లోకి లేచాయి.

సదాశివరావు మధ్యవర్తి నంబరుకి ఫోన్ కొట్టాడు.

"సాబ్, ఆప్ కహా హై? జల్దీ ఆయియే!"

అవతల్నించి తెలుగు వినిపించింది.

"నేనొచ్చి వెళ్ళాను కదా బాబూ, కుర్చీలోంచి లేపింది మీరేగా! బస్సు మీకే ఇమ్మని చెబుదామని ఆఫీసుకి ఆటో ఎక్కాను... ఉండండుండండి, వెనకాల ఆ గోలేమిటి?"