ఆక్టేన్ డబ్బా

"డబ్బా నీ చేత్తోనే పొయ్యాలి అసిరయ్యా. ఇంకొకర్ని ముట్టుకోనివ్వను," అన్నాడు చినబాబు, అందరికీ వినబడేలా.

బొడ్డవర దగ్గర, ఘాట్ రోడ్డు మొదట్లో పొద్దున్నే యాభై మంది పోగయ్యారు. అందరి చూపూ ఎర్ర కారు మీదే. రెండే సీట్లు. కలకత్తాలో ఎవరో దొర దేశం వదిలి పోతూ అమ్మేస్తే, జమీందారు గారి కొడుకు చినబాబు కొనుక్కొచ్చాడు.

పక్కనే రైల్వే కాంట్రాక్టరు అప్పలసూరి ఫియట్ నిలబడి ఉంది. మొన్నటిదాకా తట్ట మోయించిన మేస్త్రీ కారెక్కితే జమీందారీ రక్తం ఊరుకుంటుందా? విజయనగరం క్లబ్బులో మాటా మాటా పెరిగింది. "అనంతగిరి దాకా పందెం! ఓడితే జన్మలో స్టీరింగు ముట్టను," అని బల్ల గుద్దాడు చినబాబు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం కదా!

చినబాబు సంగతి సరే, గెలిచినా ఓడినా ఆయన జమీందారు బిడ్డే. అసలు చిక్కంతా డ్రైవరు అసిరయ్యది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంటి కార్లు చూసేది అతనే. అసిరయ్య చెయ్యి పడితే బండి ఆగదని జిల్లా అంతా పేరు. ఉంటున్న ఇల్లు కూడా బంగళా వెనక ఉన్నదే. ఈ కారు కొండ మీద మొరాయించిందా, ఆ పేరూ పోతుంది, ఆ ఇల్లూ పోతుంది.

అసిరయ్య డబ్బా మూత తిప్పుతుంటే జనం మీదికొచ్చారు.

"ఏటి మావా అది?" అన్నాడు సోములు, ఫియట్ అద్దాలు తుడిచేవాడు.

"ఆక్టేన్ మందు. పెట్రోల్లో కలపాల."

"అది పోస్తే కారు ఎగిరిపోతాదేటి?"

"ఎగరదు. నీ ఫియట్టుకి పోస్తే దండగ," అన్నాడు అసిరయ్య తలెత్తకుండా. "ఈ బండి ఏగం కోసం ఇంజను తల అరగదీయించినారు. బంకు పెట్రోలు దీనికి పడదు. కొండెక్కేటప్పుడు లోపల టకటకా కొట్టుకుంటాది. మందు పోస్తే కొట్టుకోకుండా ఎక్కుతాది. అంతేరా. మందు బలవివ్వదు, రోగం రానివ్వదు."

గరాటు పెట్టి, జనానికి వీపు తిప్పి, డబ్బా మొత్తం టాంకులో వొంపేశాడు. మూత చేజారి కింద పడింది. వయసు మీద పడింది పాపం, అనుకున్నారంతా.

జెండా ఊపారు. చినబాబు స్టీరింగు పట్టుకున్నాడు. అసిరయ్య పక్కన కూర్చున్నాడు.

మొదటి రెండు మైళ్ళూ ఎర్ర కారుదే ముందు. మూడో మైలు దగ్గర ఎత్తు మొదలయింది. ఎడమ పక్క కొండ, కుడి పక్క లోయ. పిట్టగోడ కూడా లేదు. చినబాబు నుదుటి మీది చెమట కళ్ళలోకి కారుతోంది. తుడుచుకోవడానికి స్టీరింగు వదలడే!

అయిదో మైలు మలుపులో మొదలయింది. టక్. టకటక. ఖాళీ డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు. వెనక పొగ కమ్మేసింది.

"బాబూ, కాలు తియ్యండి. ఇంజను పగిలిపోతాది!"

చినబాబు కాలు తీశాడు. వెనకనుంచి హారను కొడుతూ ఫియట్ దాటిపోయింది. మిగిలిన తొమ్మిది మైళ్ళూ నత్తలా దేకి ఎర్ర కారు అనంతగిరి చేరేసరికి, అప్పలసూరి కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేశాడు కూడా.

వెనకే లారీ ఎక్కి పైకొచ్చిన జనం చుట్టూ మూగారు. అప్పలసూరికి అనుమానం వచ్చింది. టాంకులో పుల్ల ముంచి, తడి వేలికి రాసుకున్నాడు. పెట్రోలైతే చిటికెలో ఆరిపోవాలి. వేలు జిడ్డుగానే ఉండిపోయింది. వాసన చూశాడు.

"ఇదేటి బాబూ? కిరసనాయిలు కలిసిపోనాది!"

ఒక్కసారిగా అందరూ అసిరయ్య వైపు తిరిగారు. డబ్బా పోసింది అతనే. అందరూ కళ్ళారా చూశారు.

"ఏం పోశావురా టాంకులో?" అరిచాడు చినబాబు. "నిన్ను నమ్మి నా ప్రాణం నీ చేతిలో పెట్టాను గదరా!"

"ముసిలోడు మందమ్ముకున్నాడు," అన్నారెవరో. "పోలీసులకి అప్పసెప్పండి," అన్నారింకెవరో.

అసిరయ్య ఒక్కసారి చినబాబు ముఖంలోకి చూశాడు. చినబాబు చూపు తిప్పేసుకున్నాడు.

"కిరసనాయిలే బాబూ. నానే పోసినాను. తప్పయిపోనాది."

చినబాబు అతని తల మీది ఖాకీ టోపీ లాగి లోయలోకి విసిరేశాడు. "తాళాలిచ్చి పో. సాయంత్రానికి ఇల్లు ఖాళీ చెయ్యి!"

అసిరయ్య బస్సులో విజయనగరం వచ్చేసరికి కబురు అతనికన్నా ముందే వచ్చేసింది. భార్య మరిడమ్మ గిన్నెలు మూట కడుతోంది. అతన్ని చూడగానే భోరుమంది.

"ఇరవై ఎనిమిదేళ్ళు! చెంచాడు పెట్రోలు కూడా ముట్టనోడివి. ఎవుడికి అమ్ముడుపోనావు? ఈదిలో ఆడోళ్ళు నా మొకం మీదే నవ్వతన్నారు. సెప్పు, ఎవుడు సేయించినాడు?"

"నన్నడక్కు మరిడీ."

"నానడక్కపోతే ఎవులడుగుతారు? అన్నం ఎట్టిన ఇంటికే ద్రోహం సేసినావు. ఇంక నీ మొకం సూడను."

అసిరయ్య మూట భుజానికెత్తుకున్నాడు.

నిన్న సరిగ్గా ఇదే వేళకు కారు షెడ్డు తలుపులు మూసి, మందు పారబోసి డబ్బాలో ఇది నింపమని కిరసనాయిలు సీసా అతని చేతిలో పెట్టి, "ఆ కొండంటే నాకు ప్రాణభయం అసిరయ్యా, పందెం మానుకుంటే పరువు పోతుంది, బండి చెడి ఓడితే నన్నెవరూ అనరు, ఎలాగైనా నన్ను ఓడించు," అని అతని కాళ్ళు పట్టుకుని ఏడ్చినవాడు చినబాబే.