తారకు ఓ ఉద్యోగం

"అచ్యుత్ గారూ, ఓసారి ఇలా రండి! ఈ తార ఎవరండీ?"

ధరణి కేకకు పక్క గదిలోని కంప్యూటర్ మాస్టారు అచ్యుత్ చేతిలో కాఫీ కప్పుతోనే పరుగెత్తుకొచ్చాడు. దేశంకాని దేశంలో, ఎటోబికో అనే ఊళ్ళోని ఆ హైస్కూలు టీచర్లలో తెలుగువాళ్ళు వాళ్ళిద్దరే. నాలుగు వందల పైచిలుకు పిల్లలకు ధరణి ఒక్కతే కౌన్సెలర్. ఎవరొచ్చారు, ఎందుకు ఏడ్చారు, మళ్ళీ ఎప్పుడు పిలవాలి, అన్నీ చిన్నచిన్న పసుపు కాగితాల మీద రాసుకోవడం, తీరా అవసరానికి ఆ కాగితం కనబడక తల పట్టుకోవడం ఆమెకు రోజూ ఉన్నదే. చూడలేక కిందటి నెల అచ్యుతే ఓ ఎక్సెల్ షీటు తయారుచేసి ఇచ్చాడు. ఎర్ర గడి అంటే ఈవేళే పిలవాలి, పసుపు అంటే ఈ వారంలో, పచ్చ అంటే హమ్మయ్య. అప్పట్నుంచి ధరణికి కాలు నేల మీద నిలవడం లేదు.

ఆ ఊపులోనే నిన్న పిల్లలందరికీ ఓ ఫారం పంపింది. పేరు రాయనక్కర్లేదు. 'కష్టమొస్తే ముందుగా ఎవరికి చెప్పుకుంటావు? ఎందుకు?' అంతే. జవాబులన్నీ షీటులోకి వచ్చిపడ్డాయి. పొద్దున్నే పేర్లవారీగా లెక్క తీసేసరికి, అమ్మలనూ స్నేహితులనూ దాటుకుని అందరికంటే పైన తార అనే పేరు కూర్చుని ఉంది.

"మన స్టాఫ్‌లో తార లేదే!" అన్నాడు అచ్యుత్. "ఇంతకీ మీకెన్ని వచ్చాయి?"

"రెండు. నవ్వకండి. మీకు ఒక్కటీ రాలేదు."

అచ్యుత్ నవ్వు మానేసి కాఫీ తాగాడు.

"అసలు సంగతి వినండి. వచ్చే ఏడాదికి నాకు తోడుగా ఒక మనిషిని తీసుకుంటామన్నారు కదా. డిగ్రీలతో పనిలేదు, పిల్లలు నమ్మే మనిషైతే చాలన్నారు. ఈ సాయంత్రంలోపు పేరు చెప్పకపోతే ఆ పోస్టు ఇంకో స్కూలుకు వెళ్ళిపోతుంది. నెలరోజుల్నుంచి గాలిస్తున్నా, ఒక్కరు దొరకలేదు. ఇదిగో, పిల్లలే ఎంచిపెట్టారు!"

ఇద్దరూ తెర మీదికి వంగి ఒక్కొక్క జవాబూ చదివారు.

"'మా అమ్మ నైట్ షిఫ్ట్‌కి వెళ్తే నాకు నిద్రపట్టేదాకా తార కబుర్లు చెబుతుంది.' పాపం, ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్లలో పనిచేసేవాళ్ళ పిల్లలై ఉంటారు" అంది ధరణి.

"'తార ముందు ఏడిస్తే సిగ్గనిపించదు.' ఇదిగో ఇంకోటి. 'మా నాన్నకు సారీ ఎలా చెప్పాలో తారే నేర్పింది.'" అచ్యుత్ గొంతు ఒక్కసారిగా పెరిగింది. "ధరణి గారూ, ఇది చూడండి! 'తారకు తెలుగు కూడా వచ్చు!'"

"మన తెలుగావిడేనండీ!" ధరణి ఎగిరి గంతేసినంత పని చేసింది.

ఇంక ఆగుతుందా? తెలుగు సంఘం ఝాన్సీలక్ష్మి గారికి ఫోన్ కొట్టింది. పక్క ఊరు ఓక్‌విల్ దాకా ఏ తెలుగు ఇంట్లో ఎవరున్నారో ఆవిడకు తెలియంది లేదు.

"ఆంటీ, తార అని ఎవరైనా తెలుసా? పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి."

"తారా? ఒకావిడ ఉండేది గానీ కాల్గరీ వెళ్ళిపోయిందమ్మా. ఇంకొకావిడ ఉంది, పిల్లల్ని చూస్తే తలుపేసుకుంటుంది."

"ఆవిడ కాదులెండి!"

లైబ్రరీవాళ్ళను అడిగింది, లేదన్నారు. కమ్యూనిటీ సెంటర్‌లో అడిగింది, అక్కడా లేదన్నారు. మధ్యాహ్నం దాటింది. ధరణికి కంగారు మొదలైంది.

"పిల్లల్నే అడగొచ్చుగా?" అన్నాడు అచ్యుత్.

"ఎవరు ఏం రాశారో కూపీ లాగనని మాటిచ్చానండీ."

"ఏం రాశావని అడగొద్దు. తార తెలుసా అని అడగండి, చాలు. మన దగ్గర తెలుగు పిల్లలు ఎంతమందని!"

నిజమే. రిషితను పిలిపించింది. పోయిన చలికాలం వరంగల్ నుంచి వచ్చి చేరిన పిల్ల. ఈమధ్యే తనంతట తానుగా ధరణి గదికి రావడం మొదలుపెట్టింది గానీ, వచ్చినప్పుడల్లా "బానే ఉన్న మేడం" తప్ప ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు.

"భయపడకు రిషితా. తార అని నీకెవరైనా తెలుసా?"

ఆ పిల్ల ముఖం విప్పారింది. "తెల్సు మేడం! రోజు మాట్లాడ్త. నా గురించి అన్ని తెల్సు తనకు."

"మంచిదేనా?"

"చాన మంచిది మేడం. చెప్పిందే ఎన్నిసార్లు చెప్పినా ఇసుక్కోదు. మిమ్మల్ని కలువుమని గూడ తనే చెప్పింది."

ధరణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొద్దుట్నుంచీ మనసులో ఓ మూల కాస్త కుళ్ళు లేకపోలేదు, అది కాస్తా ఎగిరిపోయింది. ముఖమైనా చూడని ఆ మహాతల్లి పిల్లల్ని తన దగ్గరికే పంపిస్తోందన్నమాట!

"చూశారా!" అంది అచ్యుత్‌తో. తర్వాత రిషిత రెండు చేతులూ పట్టుకుంది. "నాకో సాయం చెయ్యమ్మా. ఆవిణ్ని ఇక్కడికే తెచ్చుకుందాం. నా పక్క గదే ఇస్తాను. ఉద్యోగం, జీతం, అన్నీ. వస్తుందంటావా?"

"ఈడికా?"

"ఈడికే! ఇప్పుడే ఫోన్ కలుపు, నేను మాట్లాడతా. వైస్ ప్రిన్సిపల్ ఇంకా ఆఫీసులోనే ఉన్నారు. ఒక్క ఊ అంటే చాలు, పరుగెత్తుకెళ్ళి పేరు ఇచ్చేస్తా. ఏం రిషితా, అలా చూస్తావేం?"

రిషిత చేతులు విడిపించుకుని, తన ఫోన్ తీసి దాని వంక చూసింది. ఆశగా ముందుకు వంగిన ఆ ఇద్దరి ముఖాల వంకా చూసింది. మెల్లగా నోరు విప్పింది.

"తార మనిషి కాదు మేడం, ఏఐ యాప్."