వ్యూపాయింట్ చరిత్ర

1994లో ఘాట్‌రోడ్డు ఎక్కినప్పుడు దేవీప్రసాద్ దగ్గరున్నవి ఒక కిరోసిన్ స్టవ్వు, రెండు బల్లలు, డజను గాజుగ్లాసులు. పదేళ్లలో అనంతగిరి దగ్గర ఆ మలుపు వ్యూపాయింట్ అయింది, అతని టీ పాక హోటలయింది. టూరిజం వాళ్లు అక్కడ చరిత్ర బోర్డు పెడతారని విన్నప్పటి నుంచి, దాని మీద తన పేరుండాలని అతనికి ఒకటే తహతహ.

ఆ ఉదయం హేమలత అనే ఆఫీసరమ్మ ఫైలుతో జీపు దిగింది.

“ఈ చోటు చరిత్ర రాసుకోవాలండి. మొదటి నుంచీ ఇక్కడ ఎవరున్నారు?”

దేవీప్రసాద్ నోరు తెరిచేలోగా, హోటల్లో పనిచేసే సోంబరు, కట్టెలు కొడుతున్నవాడల్లా గొడ్డలి దించి గుక్క తిప్పుకోకుండా అన్నాడు. “నేనే మేడమ్. నేల నాది, హోటలు నాది, బల్లలు నాయి. బాబు ఊరికే సాయానికొచ్చినాడు.”

నేల గిరిజనుడైన సోంబరు తాతలనాటిదే. ఏజెన్సీలో మైదానం వాడికి భూమి మీద హక్కు లేదు కనుక, ఆఫీసరెవరొచ్చినా ఇలా చెప్పమని పదేళ్లుగా వల్లె వేయించింది దేవీప్రసాదే.

అతను సోంబరును పక్కకి లాగాడు. “ఇయాల అది కాదురా.”

“ఒక్క ముక్క తప్పినానా బాబూ?”

“తప్పలేదురా, అదే నా కర్మ. ఈవిడ బోర్డు కోసం వచ్చింది. నిజం సెప్పు.”

సోంబరు తల గోక్కున్నాడు. “నిజమా? అది మీరు నేర్పలేదు.”

దేవీప్రసాద్ నెత్తి కొట్టుకుని హేమలత దగ్గరికి నడిచాడు. “వీడి మాట వదిలెయ్యండి మేడమ్. లారీలోళ్లు రేడియేటర్లో నీళ్లు పోసుకోడానికి ఆగే మలుపిది. తుప్పలు కొట్టించి కింద ఏరు కనబడేలా చేసింది నేను. పిట్టగోడ నాది, హోటలు నాది. వీడిది ఇక్కడ గడ్డిపరక లేదు.”

“అలాగని రాసిస్తారా?”

“బేగి కాగితం ఇయ్యండి.”

రాసి, సంతకం పెట్టి, సాక్షిగా సోంబరు చేత వేలిముద్ర కూడా వేయించాడు. “పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి మేడమ్. బోర్డు ఎప్పుడు పెడతారు?”

“ఏ బోర్డండీ? గిరిజనుల భూములు ఎవరి చేతుల్లో ఉన్నాయో విచారించడానికి వచ్చాను.”

ఆరు నెలలకు, భూమి సోంబరుకు అప్పగించమని ఉత్తర్వొచ్చింది. ఘాట్ దిగే ముందు దేవీప్రసాద్ సామాను చూసుకున్నాడు. ఒక స్టవ్వు, రెండు బల్లలు, పదకొండు గ్లాసులు.

పన్నెండో గ్లాసులో టీ తాగుతూ సోంబరు అడిగాడు. “బాబూ, ఇకమీదట ఆఫీసర్లొస్తే ఏటి సెప్పమంటారు?”