తెలియదు

"మీ పేరు?"

"యోనాస్."

"ఇది ఏ ఊరు?"

"తెలియదు."

"ఇప్పుడు ఏ నెల?"

"తెలియదు."

డాక్టర్ మృదుల రోజూ అడిగే ప్రశ్నలే ఇవి. ఇంట్లో పడిపోయి, ఐర్లండ్‌లోని అత్లోన్ ఊళ్లో ఉన్న ఈ ఆస్పత్రిలో చేరినప్పటి నుంచి ముసలాయన జ్ఞాపకశక్తి పరీక్షలో తన పేరు దాటి ముందుకు వెళ్లలేదు. పొద్దుట్నుంచీ వార్డులు తిరిగి ఆమెకు కాళ్లు పీకుతున్నాయి. చివరి ప్రశ్న అడగాలంటేనే ప్రాణం ఉసూరుమంటోంది.

"ఈవిడ ఎవరు?"

మంచం పక్కన కూర్చున్న ఆయన భార్య అల్దోనా తలెత్తింది. తొంభై రెండేళ్ల మనిషి.

యోనాస్ ఆమెకేసి చూడనైనా చూడలేదు. గోడవైపు తిరిగి, "తెలియదు. ఎప్పుడూ చూడలేదు," అన్నాడు.

"ఫర్వాలేదు డాక్టర్. అయామ్ గ్రాండ్," అంది అల్దోనా, బాగానే ఉన్నానని ఐర్లండ్ వాళ్లు చెప్పే తీరులో. ఆ మాట అనడానికి కూడా ఆవిడకు ఓపిక లేదు.

బయటికి రాగానే నర్సు శాంత నిట్టూర్చింది.

"పాపం మేడమ్! వాళ్లది లిథువేనియా కదా. దేశాన్ని ఆక్రమించిన సైన్యం మీద ఈయన అడవిలో ఉండి పోరాడాడట. ఈవిడ అప్పటికి చిన్నపిల్ల. దొంగచాటుగా వాళ్లకి రొట్టెలు చేరవేసేదట. ఈయన దొరికిపోయాడు. సైబీరియా క్యాంపులో ఎనిమిదేళ్లు చెట్లు నరికించారు. తిరిగొచ్చేదాకా ఈవిడ పెళ్లి మాటే ఎత్తలేదు. అలాంటి మనిషిని మర్చిపోయాడు చూడండి."

మృదుల షీటులో ఆ రోజు మార్కులు రాసుకుంది.

ఇన్నాళ్లూ ఆరు మంచాల హాల్లో ఉన్న యోనాస్‌ని ఆ ఉదయమే విడి గదిలోకి మార్చారు. ఇక ఎంతోకాలం లేదని. ఇద్దర్నీ కాసేపు ఒంటరిగా వదిలేద్దామని మృదులే తలుపు మూసి వచ్చింది. కుర్చీలో కూలబడి, చల్లారిపోయిన టీ అందుకుంది.

సగం తాగేలోపే తలుపు తెరుచుకుంది. అల్దోనా గోడ పట్టుకుని నిలబడి ఉంది.

మృదుల పరుగున వెళ్లి పట్టుకుంది. "ఏమైందండీ? ఆయనకేమైనా...?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. మెల్లగా చెప్పింది.

"మీరు తలుపు వేయగానే నా చెయ్యి పట్టుకుని, 'వాళ్లు ఎన్నిసార్లు అడిగినా నీ పేరు చెప్పలేదు అల్దోనా, మళ్లీ వచ్చేలోపు పారిపో' అన్నాడు."