సాలమ్మ అడిగిన ప్రార్థన

"పెద్దసారు చెప్పందే షట్టరు లేవదు. ఎన్నిసార్లు తిరుగుతావమ్మా?" అన్నాడు రాందాస్. కాల్వ గేట్లు కాసే లష్కరు అతను. కోదాడ నుంచి కొత్తగా వచ్చాడు.

"వరి పొట్టకొచ్చింది. మడి నెర్రెలు బాసింది. ఇయ్యాల నీళ్లు రాకుంటె గడ్డే మిగుల్తది" అంది సాలమ్మ.

"నన్నేం చెయ్యమంటావ్? కాల్వకి అప్పిచ్చిన బ్యాంకు తెల్లదొరలు ఈ వారం చూడ్డానికొస్తన్నారంట. వాళ్లు చెయ్యెత్తితేనే లేపమన్నాడు పెద్దసారు."

సాలమ్మ మాడుగులపల్లికి తిరిగొచ్చింది. చర్చి ముందు జీపు ఆగి ఉంది. ఇంగ్లండు నుంచి వచ్చి ఈ దేశంలోనే తల నెరిసిన బిషప్, పిల్లలను దీవించి అప్పుడే బయటికొస్తున్నాడు.

"అయ్యగారూ, కాల్వ కాడ జర ప్రార్థన జెయ్యాలె."

"ప్రార్థన చర్చిలోనే చేయవచ్చును గదా సాలమ్మా?"

"నీళ్లు చర్చిలకు రావు గద అయ్యగారూ."

బిషప్ తల అడ్డంగా ఊపాడు. "ఇన్ని సంవత్సరములు వానకొరకు ప్రార్థించితిని. ఒక్క చినుకు కూడ నా మాట వినలేదు."

"గిది వాన గాదు, కాల్వ."

కట్ట ఎక్కే ముందు ఆమె ఆయన తెల్లంగీని విప్పించింది. తుమ్మముళ్లకు చినుగుతుందట. బిషప్ చొక్కా, ప్యాంటుతో మిగిలాడు.

"బిషపయ్యకే అబద్ధం జెప్తున్నవా?" అన్నాడు ఆమె భర్త లాజరు, చెవిలో.

"ఏం అబద్ధం జెప్పిన? ప్రార్థన జెయ్యమన్న, గంతే."

షట్టరుకు ఎదురుగా బిషప్‌ను నిలబెట్టింది. "చేతులు బాగ పైకెత్తుండ్రి. ఇంగ్లీషులనే జెయ్యుండ్రి. మా మాట రోజూ ఇని ఇని దేవునికి ఇసుగొచ్చింది."

బిషప్ కళ్లు మూసుకుని, రెండు చేతులూ ఎత్తి గట్టిగా మొదలుపెట్టాడు. అవతలి గట్టు మీద రాందాస్ బీడీ పారేసి, సెల్యూట్ కొట్టి, చక్రం తిప్పసాగాడు.

ఆమెన్ అనేసరికి నీళ్లు సాలమ్మ మడి వైపు పోతున్నాయి. బిషప్ కళ్లు తెరిచి ఆ నీళ్లను, అవతల మళ్లీ సెల్యూట్ కొడుతున్న రాందాస్‌ను చూశాడు. లాజరు మాత్రం తల ఎత్తలేదు.

జీపు దగ్గర బిషప్ అంగీ తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, సాలమ్మ వైపు వంగాడు.

"వచ్చే తడికి నల్ల కళ్లద్దాలు తెచ్చెదను సాలమ్మా. అవి లేకుండ ఏ బ్యాంకు దొరయు కాలువ మీదికి రాడు."