గురువారం ప్రశ్న

"కొల్లేట్లో నువ్వే దూకావా అమ్మా, ఎవరైనా తోశారా?"

ఎస్సై మూడోసారి అడిగినా, ఏలూరు ఆస్పత్రి మంచం మీద క్యాథరిన్ ఫ్యానునే చూస్తోంది. తలుపు దగ్గర భర్త హెన్రీ కొబ్బరిబోండంతో నిలబడ్డాడు.

"పూర్వం గురువారం చర్చిలో క్లాసు మీటింగుకి పదిమందిని కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ మనసులో మాట అడిగేవారు కదండీ, అలా అడగండి," అంది చర్చి సంఘపెద్ద సుగుణ, పక్కనున్న పాస్టరుగారితో.

"అది ఎప్పుడో మానేశాం కదమ్మా," అన్నారు క్యాథరిన్ మామగారు, పాస్టరు సత్యవేదం. "ఆదివారం ఆరాధన చాలన్నారు అందరూ."

"మన మెథడిస్టు సంఘాలు నిలబడిందే ఆ ప్రశ్న మీదండీ."

సత్యవేదం మంచం పక్కన కూర్చున్నారు.

"నీ ఆత్మ ఎలా ఉందమ్మా?"

ఆమె చూపు ఆయన మీదికి దిగింది.

"ఒకే ఇంట్లో ఉండి ఇప్పుడా అడగడం, మామయ్యగారూ? పెళ్ళయినప్పట్నుంచీ కొడుతూనే ఉన్నాడు. నన్ను తోసింది మీ హెన్రీ."