దలాలు

సావుకారు రామచంద్రం కార్ఖానాలో అందరి ముందు సిద్ధరాములు మెడలో పూలదండ వేశాడు.

"చూడుండ్రి! నేత పనంటే గిట్లుండాలె. తిండి లేదు, నిద్ర లేదు, మగ్గం దిగలేదు. మీరున్నరు ఎందుకు, తిని పండెతందుకు!"

సిద్ధరాములు పగలబడి నవ్వాడు.

వారం రోజులుగా నవ్వుతూనే ఉన్నాడు. పాడుతూ, అరుస్తూ చీర మీద చీర నేశాడు. ఒంటి మీది అంగీ విప్పి బిచ్చగాడికి ఇచ్చేశాడు. షోలాపూర్‌లో మగ్గాలన్నీ రేపు తనవే అవుతాయని దారిన పోయేవాళ్ళను ఆపి మరీ చెప్పాడు.

దాన్ని పనితనం అనుకున్నారు వాళ్ళుండే దాజీ పేటలో. సావుకారుకు చీరలు కావాలి గదా, అనుకోక ఏం చేస్తారు!

వాకిట్లోంచి ఎవరో అన్నారు.

"దండ గాదు సావుకారూ, ఆయనకు డాక్టర్ గావాలె."

అందరూ తిరిగి చూశారు. బక్కపల్చటి మనిషి. ఉతికిన తెల్లంగీ, భుజాన గుడ్డ సంచి. ఆ కార్ఖానాలో నేతగాళ్ళంతా తెలంగాణ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళే. అతన్ని ఎవరూ ఎరగరు.

రామచంద్రం మొహం నల్లబడింది.

"ఎవడ్రా నువ్వు?"

ఆ మనిషి అతని కళ్ళలోకి చూశాడు.

"పూనా నుంచి వచ్చిన. అక్కడ పిచ్చి దవాఖానల రోగులకు మగ్గం నేర్పుత. గీ నవ్వు నాకు ఎరికే. ఇది హుషార్ గాదు, రోగం. ఇయ్యాల నవ్వుతడు, కొన్నొద్దులకు పడిపోతడు."

"బయటికి నడువ్!"

నడిచాడు. పేట మాత్రం విడిచిపోలేదు. సిద్ధరాములు పెళ్ళాం యశోద నల్లా దగ్గర నీళ్ళు పడుతుంటే దగ్గరికి వచ్చాడు.

"చెల్లె, మీ ఆయన ఇంతకుముందు గూడ పడిపోయిండా?"

యశోద బిందె కింద పెట్టేసింది.

"పోయినేడు పడిపోయిండన్నా. మగ్గం కింద కాళ్ళు పెట్టే గుంతల దిగి కూసున్నడు. పిలిస్తే పలకడు, అన్నం ముట్టడు. సోమరోడని సావుకారు కొట్టిండు."

"గుంతలనే ఎందుకు?"

"చిన్నప్పుడు దారం తెగితే వాళ్ళ నాయిన గుంతల పడేసి మీద చెక్క పలకలు కప్పేటోడట. ఎంత ఏడ్చినా తీయకపోయేటోడట. పలకల సప్పుడైతే ఇప్పటికీ చెవులు మూస్కుంటడు."

ఆ మనిషి సంచి దించి నల్లా గట్టున కూర్చున్నాడు.

"చిన్నప్పటి దెబ్బలు లోపల్నే ఉంటయ్ చెల్లె. గా నవ్వు, గా ఏడ్పు రెండూ ఒక్కటే రోగం. పూనాల మందులిస్తరు, కరెంటు పెడ్తరు, కూసోబెట్టి మంచిగ మాట్లాడ్తరు. పూరా పోదు గాని మనిషి మనిషిలెక్క బతుకుతడు. ఖరే చెప్తున్న. గుంతల దిగినంక కష్టమైతది, ఇప్పుడే తోల్కపోవాలె. రేపు పొద్దటి బండికి నేనే తోల్కపోత."

యశోద ఇంటికి పోయి బట్టల మూట కట్టింది.

సావుకారుకు తెలిసిపోయింది. ఒకే వాకిట్లో కాపురాలు, తెలియకుండా ఎట్లా ఉంటుంది? పండుగ ముందు అంత నేసే చెయ్యిని ఏ సావుకారు వదులుకుంటాడు?

"అరే తెలివిలేనోళ్ళారా! వాడు అవతలి కార్ఖానా దలాలు. మంచి నేతగాడు కనపడ్తే మాయమాటలు చెప్పి ఎత్కపోతడు. ఇయ్యాల వీన్ని, రేపు మిమ్మల్ని!"

దలాలు! ఆ పేటలో అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఆశలు పెట్టి తీసుకుపోయి ఎక్కడో వదిలేసిన దలాళ్ళ వల్ల అందరూ ఏడ్చినవాళ్ళే.

పొద్దున్నే వచ్చిన మనిషిని వాకిట్లోనే పట్టుకున్నారు. చేతికి దొరికిన కర్రతో కొట్టారు. సిద్ధరాములు చప్పట్లు కొట్టి నవ్వాడు. యశోద, ఛీ, ఆమె కూడా, మోసపోయానన్న మంటలో గంజి కుండ ఎత్తి అతని నెత్తిన కుమ్మరించింది.

అతను సావుకారు వైపు చూశాడు. సావుకారు మొహం తిప్పుకున్నాడు.

"నన్ను కొడ్తె కొట్టిండ్రు. ఆయన్ని మాత్రం గుంతల దిగనియ్యకుండ్రి" అని నెత్తురు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

చీరలన్నీ అమ్ముడుపోయాక సిద్ధరాములు నవ్వు ఆగింది. గుంతలో దిగి కూర్చున్నాడు. అన్నం మానేశాడు. నీళ్ళు మానేశాడు.

"లే, బద్మాష్! మగ్గం ఖాళీగుంది!" అని సావుకారు గుంత గట్టున నిలబడి అరిచాడు.

యశోద అతని కాళ్ళ మీద పడింది. "పూనాకు పంపియ్యి సావుకారూ, నీ బాంచెన్!"

"పిచ్చి దవాఖానకా? నా కార్ఖానా పేరేం గావాలె?"

నలుగుర్నీ బతిమాలి ఆమె మొగుణ్ణి పైకి తీయించేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది.

దినాలు కాకముందే సావుకారు ఆ మగ్గం మీద ఇంకొకడిని కూర్చోబెట్టాడు.

అది చూసి యశోద ఆగలేదు. కొంగు నడుముకు చుట్టి నేరుగా సావుకారు ఇంటి ముందు నిలబడింది.

"ఓ రామచంద్రం! బయటికి రా! నా మొగన్ని మింగినోడా, బయటికి రా!"

అతను రాలేదు. గోడ పట్టుకుంటూ అతని ముసలి తల్లి వచ్చింది.

"తిట్టు బిడ్డా, తిట్టు. తలుపెనకనే ఉన్నడు, ఇనపడ్తది."

"వానికేం తెలుసవ్వా! గా రోగమేందో వానికేం తెలుసు! తెల్సిన మనిషి పూనా నుంచి వస్తే దలాలని కొట్టిచ్చిండు. నా చేతుల్తోని గంజి పోసిన అవ్వా, గీ చేతుల్తోని!"

ముసలామె గడపలోనే కూలబడింది.

"గాయన దలాలు గాదు బిడ్డా, నా చిన్న కొడుకు. సచ్చిపోయిండని మావోడు ఊరందరికి చెప్పిండు. గిదే రోగం ఆనికొస్తే పూనాకు ఎత్కపోయి బాగుచేపిచ్చింది గూడ గీ రామచంద్రమే."